పేరు రాయని సీసాలు

ఆ అపార్ట్‌మెంట్లో ఎవర్నడిగినా చెబుతారు, ఆకుల అత్తయ్య ముక్కు మామూలు ముక్కు కాదని. మధ్యాహ్నం నుంచి సినిమా హాలు గుమ్మంలో నిలబడి టికెట్లు చింపడం ఆవిడ ఉద్యోగం. ఆ చీకట్లో పక్కనుంచి వెళ్లిన మనిషి ఏ సబ్బుతో స్నానం చేశాడో, అసలు చేశాడో లేదో కూడా చెప్పేసేది. పొద్దుటి పూటంతా డాబా మీదే కాపురం. పెయింటు డబ్బాలు, చిల్లుపడ్డ బకెట్లు, ఎవరో పారేసిన వాష్‌బేసిను, ఏది దొరికితే అందులో మట్టి పోసి ఆకులు పెంచింది. పుదీనా, వామాకు, సబ్జా, దవనం, మరువం.

ఆకు ఆరబెట్టడంలో ఆవిడ పద్ధతి ఆవిడదే. పూత రాకముందే, మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యాలి. పిడికెడు పిడికెడు కట్టలు కట్టి వెనక గదిలో తాడుకి తలకిందులుగా వేలాడదీయాలి. ఎండలో పడేశారా, రంగూ పోతుంది, వాసనా పోతుంది. కాడ విరిస్తే టప్పుమనాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. వామాకు ఒక్కటే మొండిఘటం, మిగతావన్నీ సీసాల్లోకి ఎక్కాక కూడా అది తాడు దిగదు. అన్నీ ఆరాక అరచేతుల్లో మెత్తగా నలిపి, ఒకే రకం జామ్ సీసాల్లో పోసి మూత బిగిస్తుంది. సీసాల మీద పేర్లు మాత్రం రాయదు. కూతురు ఒకసారి చీటీలు అంటిస్తానంటే ఇంతెత్తున లేచింది.

"నీ మొహం మీద నీ పేరు రాశానా? గుర్తుపట్టడం లేదూ? నా ఆకులూ అంతే!"

ఇంకేముంది, ఆ గొప్పే కొంప ముంచింది. ఈసారి సీసాలు నిండిన వారానికే ఆవిడకి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తిన్నగా పోయిందా, పోతూ పోతూ ముక్కుని వెంటబెట్టుకుపోయింది. నాలుక కూడా సగం సగమే పనిచేస్తోంది. వాసన నెలల్లో రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కింద అంతస్తు దర్జీ పుదీనా అడిగితే, ధైర్యం చేసి ఒక సీసాలోంచి కాస్త పొట్లం కట్టి ఇచ్చింది. మర్నాడు మెట్ల మీద పట్టుకున్నాడు.

"అత్తయ్యా, కోప్పడనంటే ఒక మాట. టీ తాగుతుంటే బట్టల బీరువా తాగినట్టుందేంటి?"

బట్టల మధ్య పెట్టుకునే దవనం ఇచ్చేసినట్టుంది. "కొత్త పంట కదూ, ఘాటెక్కువ. అలవాటు చేసుకో!" అని గదమాయించి పైకొచ్చేసి, నేరుగా అలమర తెరిచింది. ఆ సీసాని ఎక్కడ పెట్టిందో కూడా గుర్తులేదు. అలమర నిండా ఒకే రకం సీసాలు, ఒకే రకం పచ్చటి పొడి.

ఇది చాలదన్నట్టు, హాలుకి సెలవైన ఆ సాయంత్రమే ఆడపడుచు ఫోను. రేపు పొద్దున్నే వస్తున్నా, నా పొట్లాలు కట్టి ఉంచు అని. ఆ పెద్దావిడ ఏటా వస్తుంది, ఒక్కో పొట్లం విప్పి వాసన చూసి, వంక పెట్టి, పట్టుకుపోతుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సంగతి తెలిస్తే మధ్యాహ్నానికల్లా చుట్టాలందరికీ చేరిపోతుంది, ఆకుల అత్తయ్యకి ఆకులే తెలియడం లేదట అని. అందమా, చదువా, ఆస్తా, అత్తయ్యకి పేరు తెచ్చింది ఈ ఒక్కటే. అదీ పోతే ఇంక తనెవరు? వెనక గదిలో సీసాలన్నీ నేల మీద పెట్టుకుని కూర్చుని, ఒక్కో మూతా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నీ ఒకటే. గాలి.

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి అలాగే ఉంది. ఆయన పెట్రోల్ బంకులో పనిచేస్తాడు. పెళ్లయినప్పట్నుంచి ఆయన ముక్కు మీద ఆవిడ వేయని జోకు లేదు. మీ ముక్కు ఏనాడో పెట్రోల్లో పడి చచ్చిందండీ అంటుంది, నలుగురిలో కూడా. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆయన వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

"వాసన తెలియడం లేదు కదూ?"

ఆవిడ ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? జ్వరం తగ్గినప్పట్నుంచి బంకు బట్టలతోనే భోజనానికి కూర్చుంటున్నా. ఒక్క తిట్టు లేదు. మొదట్లో బతికిపోయాననుకున్నా. తర్వాత భయమేసింది."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పింది, దర్జీ టీతో సహా. దర్జీ మాట దగ్గర ఆయన నవ్వాపుకోలేక చచ్చాడు. అయ్యాక ఒక సీసా అందుకున్నాడు.

"మీకేం తెలుస్తుందండీ, పేర్లు కూడా రావు మీకు."

"పేర్లు నువ్వు చెప్పు. నాకు తెలిసింది నే చెప్తా." మూత తీసి పీల్చాడు. "ఇది అమ్మాయి పరీక్షలు. పొద్దున్నే ఫ్లాస్కులో పోసిచ్చేదానివి."

"పుదీనా!" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని.

"ఇది దగ్గు. ఇల్లంతా దగ్గు."

"వామాకు."

"ఇదా, బస్సు. ఈ ఇంటికి మారేటప్పుడు కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు చూడు. దానికీ టికెట్టు తీసుకోమన్నాడు కండక్టరు."

"సబ్జా! వాడితో ఎంత పోట్లాట పెట్టుకున్నానో!" ఆవిడకి నవ్వొచ్చేసింది.

నాలుగోది పీల్చి ఆయన సీసా కాస్త దూరంగా పట్టుకున్నాడు. "ఇది నువ్వు నాతో మాట్లాడని రోజులు. అలిగినప్పుడల్లా డాబా ఎక్కి ఆ మూల కుండీ దగ్గరే కూర్చుంటావు. దిగొచ్చాక చేతులు ఇదే వాసన."

దవనమే. ఆ మూలే నీడ ఉంటుంది మరి. ఆవిడ సిగ్గుపడి, అన్ని సార్లేం అలగలేదు లెండి అంది.

చివరి సీసా మాత్రం ఆయన మళ్లీ మళ్లీ పీల్చాడు.

"తెలియడం లేదా?" అంది ఆవిడ కంగారుగా.

"తెలుసు. మీ అమ్మకి బాగోలేదని వెళ్లి నెలల తరబడి ఉండిపోయావే, అప్పటిది. నిద్ర పట్టేది కాదు. ఈ వాసన సీసా మూత తీసి దిండు పక్కన పెట్టుకుని పడుకునేవాణ్ణి."

"అమ్మ బాబోయ్! తిరిగొచ్చేసరికి మరువం అంతా మెత్తబడిపోయింది, మూత పెట్టలేదని అమ్మాయిని ఎన్ని తిట్లు తిట్టానండీ!"

"నేను చెప్పబోయా. మరీ కోపంగా ఉన్నావు."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వంట సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

పొద్దున్నే ఆడపడుచు దిగింది. సోఫాలో సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, పొట్లాలు ఒక్కోటి విప్పి వాసన చూసింది. పుదీనాకి తలూపింది. వామాకుకి తలూపింది. మరువం దగ్గర ఆగి మళ్లీ పీల్చింది. ఆకుల అత్తయ్య భర్త వైపు చూసింది.

"బావుంది," అంది పెద్దావిడ. "ఎవరేమన్నా అనుకోనీ, నీ ముక్కుకి సాటి లేదు."

గండం గట్టెక్కింది. నోరు మూసుకుని కాఫీ తేవడానికి లేస్తే సరిపోయేది. భర్త కూడా ఊరుకో అన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. ఆవిడ లేవలేదు.

"నా ముక్కు పోయింది వదినగారూ. జ్వరంతో పాటే పోయింది. ఇవన్నీ వాసన చూసింది మీ తమ్ముడు."

పెద్దావిడ నోరు తెరిచింది. తమ్ముణ్ణి కిందనుంచి పైకి చూసి పకపకా నవ్వింది. "వీడా? వీడికి ముక్కుందా? పెట్రోల్లో పడి చచ్చిందని నువ్వే కదే అంటావు!"

"అన్నాను," అంది ఆకుల అత్తయ్య. "ఇంకెప్పుడూ అనను. మీరూ అనకండి."