ఫోటోలో అవ్వ వేళ్లు

కొత్త ఆరోగ్య కార్డుల కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి సులోచన. మొన్న పొద్దున నేను దీపం పెట్టి ఇవతలికి వచ్చేసరికి గడపలో నిలబడి ఉంది. "అక్కా, ఈసారి ఇంట్ల ఎంతమందుంటే అంతమందికి ఇస్తాన్రు. మా అత్త గూడ ఎక్కింది, చూడు" అంటూ కార్డు నా చేతిలో పెట్టింది. ఫోటోలో అందరి నడుమ కొత్త చీర కట్టుకుని, బోసి నోటితో నవ్వుతూ వాళ్ల అత్త. ఆ ముసలామె చల్లగా ఉండాలని మనసారా కోరుకున్నాను; కోరుకుంటూనే కుళ్లుకున్నాను. సులోచన చంకలోని కొత్త జంపఖానా నుంచి వచ్చిన పచ్చి నూలు వాసన నన్ను కొత్తవాడలోని మా పుట్టింటి మగ్గం గదికి లాక్కుపోయింది.

గోడ పొడుగునా మగ్గం, దాని ముందు పక్కపక్కనే కూర్చుని నేసే, మేము బాపు అనే నాన్నా, అవ్వ అని పిలిచే అమ్మా, పెరట్లో రంగు బాన నుంచి లేచే ఆవిరి, ఇనుప పంజాతో పోగులు కొట్టే చప్పుడు, మధ్యాహ్నపు ఎండపట్టెలో మెల్లగా తేలే నూలు నుసి, బతుకమ్మ రోజుల్లో ఆ చప్పుడు మధ్యనే వంటింట్లోంచి వచ్చే వేయించిన నువ్వుల కమ్మదనం, ఇదే నా బాల్యం. నాకు పసితనం నుంచీ ఆయాసం. పిల్లను దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. బడి దారంతా దుమ్మేనని మావాళ్లు నన్ను బడి మాన్పించి, మగ్గం పక్కనే చాప వేసి కూర్చోబెట్టారు. అన్నం పెట్టే నూలు కూడా దుమ్మేనని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. అక్షరాలు నాకు అక్కడే వచ్చాయి. పెళ్లి మండపాలకు నేసే జంపఖానాల అంచున పేర్లు ఎక్కిస్తూ అవ్వ ఒక్కో అక్షరం నాతో పలికించేది. ఈనాడు దేవుడి ముందు కూర్చుని ఒక పద్యం చదువుకోగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఎదురింటి రాణి వాళ్ల నాన్నది కాజీపేటలో రైల్వే నౌకరి. రాణి తుమ్మితే చాలు, రైల్వే దవాఖానకు తీసుకుపోయేవాళ్లు. ఎర్రటి తియ్యటి దగ్గు మందు గాజు సీసాతో తెచ్చుకుని, మా అరుగు మీద కూర్చుని నాకు చూపిస్తూ చెంచా నాకేది. నాకు మందేమో అవ్వ కాచిన మిరియాల కషాయం. రాణి పట్టీలను చూసి నేనెన్నడూ ఏడవలేదు గాని, ఆమె జ్వరాన్ని చూసి ఏడ్చాను.

ఒక ఎలక్షన్ల ముందు మా నేతపనివాళ్లకూ దవాఖాన కార్డులొచ్చాయి. కార్డుకు నలుగురే. ఇంట్లో మేం ఐదుగురం. అన్న, అక్క, వాళ్ల వెనక నేను. అమ్మానాన్నలు, మొదటి ఇద్దరు పిల్లలు అని లెక్క తేల్చేశారు. అన్నకూ అక్కకూ పడిశం కూడా పట్టదు, కార్డేమో వాళ్లకు! ఆ రోజు వాళ్ల పక్కన కూర్చుని అన్నం తినడానికి కూడా నాకు మనసొప్పలేదు.

కార్డులు పంచే నాయకుడిని బాపు నిలదీశాడు. "మీ మీటింగుల కింద పరుసుడు మా జంపఖానాలే గదా సారూ! రోగమున్న పిల్లను ఇడిసిపెట్టి, లేనోళ్లకిస్తే ఏం ఫాయిదా?"

"జర ఓపిక పట్టు తాతా, మళ్లీ మా సర్కారు రానీ" అని ఆయన నవ్వాడు. బాపుకు అప్పటికి తల కూడా నెరవలేదు.

ఫోటో తీసే పిలగాడు వచ్చేసరికి అవ్వ పక్కకు జరిగింది. "నా జాగల చిన్నదాన్ని కూసోబెట్టుండ్రి. నాకేం రోగమే? గుండ్రాయి లెక్క ఉన్న" అంది. బాపు కసిరితే, "నీ పంజా నువ్వు కొట్టుకో, నా ముచ్చట నాకు ఇడువు" అంది. ఆఫీసువాళ్లకు తల లెక్క కుదిరితే చాలు. పిలగాడు వెనక తెర కావాలంటే, అవ్వే కొత్త జంపఖానా ఒకటి తీసుకుని, పీట ఎక్కి, మా వెనక పట్టుకుని నిలబడింది. ఫోటోలో బాపు, మేం ముగ్గురం, జంపఖానా. దాని పై అంచున రంగు మరకలతో అవ్వ వేళ్లు.

ఆ కార్డు నాకు ఊపిరి పోసింది. దేవుడి దయవల్ల ఆయాసం నెమ్మదించింది. కొన్నేళ్లకు ఆ నూలు నుసే అవ్వ ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. అప్పటికి సర్కారు మారింది, కార్డు రంగు మారింది గాని, పేర్లు పాతవే ఎక్కించారు. అవ్వ పేరు కార్డులో చేర్పించడానికి బాపు తిరగని ఆఫీసు లేదు. చివరికి ఆమెను ఆటోలో పెద్ద ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. కార్డులో పేరు లేదన్న మనిషి ముందు బాపు ఆ పాత ఫోటో పెట్టాడు. "ఇగో సారూ, ఈ చేతి ఏళ్లు ఆమెయే. జర సూడుండ్రి."

"వేళ్లకు ఇన్సూరెన్సు రాదు, పెద్దమనిషీ."

సర్కారు దవాఖాన వరండాలో ఒక మంచం దొరికింది. ఆ మంచానికీ, చివరిదాకా ఆమె ముఖం తుడిచిన నర్సమ్మకూ రోజూ దండం పెట్టుకుంటాను. కాని అవ్వ ఆ వరండా నుంచి ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఆ మగ్గం లేదు, రంగు బాన లేదు, బాపూ లేడు. నా పేరు కొత్త కార్డులో ఉంది. నా పిల్లల పేర్లూ ఉన్నాయి, స్వామికి కృతజ్ఞతలు. అయినా సులోచన అత్త ఫోటోలో నడుమ కూర్చున్న తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు. మా అవ్వ కూడా ఒక్కసారి అట్లా కూర్చుని ఉంటే!

ఇది చదివిన మీ ఇంటికి కొత్త కార్డు వస్తే, అందులో మీవాళ్ల ముఖాలన్నీ ఉన్నాయా అని చూసుకునేటప్పుడు, జంపఖానా వెనక నిలబడిన మా అవ్వ కనకమ్మను ఒక్కసారి తలుచుకోండి.