కొమురన్న తట్టి చూసిన కారు

నిన్న మా వీధి చివర ఎవరో పందిరి కోసం పచ్చి దుంగలు దించారు. ఆ చెక్క వాసన ముక్కుకు తగలగానే కొమురన్న గుర్తొచ్చాడు, నాకు నవ్వాగలేదు. కార్ల దుకాణంలో ఆయన చేసిన పని అలాంటిది మరి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ సునీత రాస్తోంది, రాస్తూ తనూ నవ్వుతోంది.

గోదావరిఖనిలో కొమురన్నది మా పక్క క్వార్టర్. బొగ్గుబావిలో సర్దారు. మనుషులను పనిలోకి పంపేముందు కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందంటేనే పంపేవాడు. డొల్ల చప్పుడొస్తే ఆఫీసరొచ్చి అరిచినా పంపడు. నా పెనిమిటి డ్యూటీ దిగి స్కూటర్ మీద వస్తూ టిప్పరు కింద పడి చనిపోయాక ఆయన కొలువు నాకొచ్చింది. మొదటిరోజు నన్ను బావి గేటు దాకా తీసుకుపోయింది కొమురన్నే. "ఏడ్వకుమని అంటలేను చెల్లె. ఏడ్సుకుంటనే జర జల్ది నడువు, హాజరు టైమైతున్నది," అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. ఆ నవ్వుతోనే నా కొలువు మొదలైంది.

నేను రిటైరయ్యేనాటికి సునీతకు మా దగ్గర్లోని జైపూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. పొద్దున లేస్తే టిప్పర్లు తిరిగే రోడ్డు మీదే పోవాలి. చేతికొచ్చిన డబ్బంతా పోసైనా దానికి అన్నింటికన్నా ఖరీదైన కారు కొనాలని నేను పట్టుబట్టాను. ఎంత రేటు పెడితే బిడ్డ ప్రాణానికి అంత రక్ష అని నా లెక్క. "రేపు నువ్వేం తింటవే అమ్మా, కారు సీట్లు తింటవా?" అని అది మొత్తుకుంది. తగువు తెంపడానికి కొమురన్నను వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్లాం.

దుకాణంలో నేను కోరిన పెద్ద కారు నల్లగా నిగనిగలాడుతోంది. కొమురన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆగి, చేతికర్రతో బానెట్ మీద టక్కున తట్టి చెవి పెట్టాడు. కార్లమ్మే అతను పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో కాకా, గీతలు పడ్తయ్!"

"డొల్ల చప్పుడొస్తున్నది. గింత రేటు చెప్పి డొల్లది అంటగడ్తవా? నడువు చెల్లె, ఇది కూలేటిది."

అతను కోప్పడలేదు. "ముందు భాగం నలగాలనే అట్ల చేస్తరు కాకా. దెబ్బను అదే మింగుతది. మనుషులు కూసునే కాడ గట్టిగుంటది," అన్నాడు.

కొమురన్న ఈసారి బానెట్‌ను వేలితో మెల్లగా తట్టి చూశాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "అరె, మన బాయిల నిలబెట్టే దుంగ లెక్కనే గద! కప్పు దిగుతుంటే అది కిర్రుకిర్రుమని నలుగుకుంట, మనం ఉరికేదాక ఆపుతుండె. తప్పు నాదే తమ్మీ, బాయి చెవులతోని ఇన్న." దుకాణంలో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే.

"ఇగ చెప్పు. ఇందుల పానం కాపాడేటియి ఏంది, ముచ్చటకు పెట్టినయి ఏంది?"

అతను దాచకుండా చెప్పాడు. గాలి సంచులు, బెల్టులు, మంచి బ్రేకులు, నలిగే ముందు భాగం పక్కనున్న చిన్న కారులోనూ ఉన్నాయి. తోలు సీట్లు, అద్దాల పైకప్పు, పాటల పెట్టె పెద్దదాని సోకులు. ఎదురుగా ఏదైనా వస్తే తనంతట తానే ఆగే ఏర్పాటు మాత్రం పెద్దదానికే ఉంది. అది ఇప్పటికీ నా మనసులో కలుక్కుమంటుంది. కానీ దానికి ఏ రిపేరొచ్చినా హైదరాబాదే పోవాలట. ఒక్క టైరు ధర చెప్పేసరికి కొమురన్నకు పొలమారింది.

"అయినా పెద్దదే కావాలె అన్నా. నాకు భయం," అన్నాను.

"నీ భయానికి సరిపోయే కారు ఇంకా ఎవ్వలు చెయ్యలే చెల్లె. ఉన్న పైసలన్నీ ఒక్క దుంగకే పెడితే, అది నలిగినంక ఇంకోటి ఏంతోని తెస్తవ్? రేపు బ్రేకులు అరిగితే మార్చనీకి నువ్వు వెనకాడద్దు. అదీ చూడు."

"మామా, ఈ ముచ్చట ముందే చెప్తే పాపం ఆ కారు నీ కర్ర దెబ్బ తప్పించుకుంటుండె!" అంది సునీత.

చిన్న కారే కొన్నాం. మిగిలిన డబ్బు బ్యాంకులో వేశాను.

కొమురన్న ఇప్పుడు లేడు. టిప్పర్లు ఉన్నాయి, నా భయమూ ఉంది. కానీ టైర్లు అరిగాయని మెకానిక్ అన్నాడంటే బేరమాడను, వాయిదా వేయను. ఇదివరకు సునీత జైపూర్ చేరి ఫోను చేసేదాకా నా చాయ్ అలాగే చల్లారిపోయేది. ఇప్పుడు దాని బండి మలుపు తిరగగానే అరుగు మీద కూర్చుని వేడివేడిగా తాగుతున్నాను.