మళ్ళీ మేడం

ప్రయోగశాలలో ఆమెను చాటుగా "మళ్ళీ మేడం" అంటారు. ఏ ఫలితం చూపించినా పెదవి విరిచి, "మళ్ళీ చెయ్యండి," అంటుంది. అణు వ్యర్థాల్లోని యురేనియం ఆక్సైడ్‌లో ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో ఎక్స్‌రేలతో చూడటం ఆమె పని. ఆ అమరికను బట్టే, వ్యర్థాన్ని దాచిన పీపాలు ఉబ్బి పగులుతాయో లేదో తేలుతుంది. గాలి తగిలితే చాలు, ఆక్సిజన్ పరమాణువులు టికెట్ లేని ప్రయాణికుల్లా సందుల్లో దూరి, కూర్చున్నవాటిని జరిపేస్తాయి. అందుకే ఆక్సైడ్ బిళ్ళను గాలి చొరబడని గాజుపెట్టెలో ఉంచి, పెట్టెకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి ముట్టుకుంటారు. ఉంగరాలు తీసి రమ్మని అందరినీ సాధించేదీ ఆమే.

నివేదిక ఇవ్వాల్సిన రోజు కూడా అదనపు ఆక్సిజన్ కనిపించింది. "బుర్రలు ఇంట్లో పెట్టి వస్తున్నారా? గాలి ఎలా దూరింది?" అని కేకలేసింది. "వెంట్రుకవాసి తేడాకు మా ప్రాణం తియ్యకమ్మా, సంతకం పెట్టెయ్," అన్నాడు డైరెక్టరు. "ఆ వెంట్రుకవాసికే పీపా పగిలేది సార్," అంటూ కాగితాలు పక్కకు తోసింది. తొడుగులు తడిమి చూస్తున్న టెక్నీషియన్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, కోప్పడనంటే ఒక మాట. కుడి తొడుగుకు చిల్లుంది. సరిగ్గా ఉంగరం వేలి దగ్గర." అందరి చూపూ ఆమె చేతి మీద పడింది. ఆ వేలికి రాయి ఉంగరం బిగుసుకుపోయి ఉంది. చేతికేమీ అంటలేదని రేడియేషన్ మీటరుతో చూసుకున్నాక, ఆమె సబ్బు రాసి, పళ్ళు కొరుకుతూ ఉంగరాన్ని ఊడబెరికి డైరెక్టరు చేతిలో పెట్టింది. "ఇవాళ్టికి నివేదిక బదులు ఇదుంచండి సార్," అని మిగతావాళ్ళ వైపు తిరిగింది. "చూస్తారేంటి? తొడుగు మార్చి మళ్ళీ చెయ్యండి."