అవ్వ దాచిన ఉలవలు

మొన్న మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు తమిళనాట ధర్మపురిలో బయలుదేరిన మా బస్సుకు, పద్నాలుగు మైళ్ల దూరంలోని తొప్పూరు కనుమ చేరడానికి యాభై ఆరు నిమిషాలు పట్టింది. వాచీ చూసుకోగానే, ఇదే దారిని ఒక రౌతు గుర్రం మీద అరగంటలో దాటలేడని 1940లలో నేను లెక్కకట్టి చెప్పిన మధ్యాహ్నం గుర్తుకు వచ్చింది.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. సర్వే శిక్షణ ముగించి, ఉద్యోగపు ఉత్తరువు కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నాను. ఒక తమిళ వారపత్రికలో చారిత్రక నవల వచ్చేది. పత్రిక బొమ్మిడిలో రైలు దిగి శుక్రవారానికి మా ఇంటికి చేరేది. చదువు రాని మా అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే, నేను తమిళంలో చదివి మన తెలుగు మాటల్లో చెప్పేవాణ్ణి. రాజుగారి లేఖను మొలలో దోపుకుని, గాయంతోనే కోట నుంచి కోటకు పరుగెత్తే రౌతు ఒకడు అందులో ఉన్నాడు. దండుతో దక్షిణానికి వచ్చిన మన పెద్దల్లో వాడొకడని అవ్వ నమ్మకం. కథ విన్న ప్రతిసారీ వాడి గుర్రానికని పిడికెడు ఉలవలు ముంతలో వేసేది. లేఖ చేరిన రోజున వాటిని ఉడికించి ఊరి కావలి దేవుడు మునియప్ప గుడి దగ్గరి మొక్కుబడి మట్టిగుర్రాల ముందు పెడతానని మొక్కుకుంది.

“ఏమ్రా అబ్బోడా, నా గుర్రపోడు కనుమ దాటినాడా?” అని పత్రిక చేతికి రాకముందే నిలదీసేది.

పదకొండో వారం, రౌతు పొద్దు కుంకుతుండగా ధర్మపురిలో బయలుదేరి, వెలుగు పోకముందే కనుమ చేరినట్టు రాశారు. గొలుసు పట్టి దారులు కొలిచినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. అరగంటలో పద్నాలుగు మైళ్లు, అంటే గంటకు ఇరవై ఎనిమిది, రాళ్ల దారి, గాయపడ్డ మనిషి. ఇది జరగదనీ, అసలు అలాంటివాడు పుట్టనే లేదనీ, అంతా కల్పన అనీ చెప్పేశాను.

అవ్వ చేతిలో గింజ అలాగే ఆగిపోయింది. “నీ లెక్క సరే నాయనా. నా చెవికి గిట్టల చప్పుడు వినబడిందే!” అని, లేచి ముంత దించి, ఉలవలన్నీ ఎద్దుల కుడితిలో కలిపేసింది. “ఇవన్నా తిననీ. ఇవి ఉండాయి గదా.”

తర్వాతి శుక్రవారాల్లో నేను పత్రిక విప్పితే, పనుందని లేచిపోయేది. ఉత్తరువు వచ్చి నేను వెళ్లిపోయాను. పదహారో వారం రౌతు లేఖ చేర్చాడని సర్వే గుడారంలో ఒంటరిగా చదువుకున్నాను. సెలవు దొరికినప్పుడు ఎలాగైనా కూర్చోబెట్టి చెప్పాలనుకున్నాను. సెలవు దొరికింది అవ్వ కర్మలకే.

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది, అడుగడుగునా దూరం చెప్పే రాళ్లున్నాయి. ఎవరు కనుమ దాటారని అడిగేవారే లేరు.

అవ్వ విన్నవి పదకొండు వారాలు, విననివి అయిదు. ఎద్దులు తిన్నవి పది పిడికిళ్లు. పదకొండోది ఆమె వేయలేదు. లెక్కలో నా తప్పు ఏమీ లేదు.