కరీమున్ తొలి రోజా

మాబూబీ ప్రత్తిపాడులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. భర్త పోయాక ఆమెకు మిగిలింది పదేళ్ళ కూతురు కరీమున్ ఒక్కతే. ఎనభై ఆరులో రంజాన్ నెల మే ఎండల్లో పడింది. ఆ ఏడే కరీమున్ తానూ ఒకరోజు ఉపవాసం ఉంటానని, రోజా పాటిస్తానని పట్టుబట్టింది.

"నీ వయసులో నాకు రంజాన్ చలికాలంలో వచ్చింది గనక గడిచిపోయింది. ఈ ఎండలో నీవల్ల కాదు," అంది మాబూబీ.

పిల్ల వినలేదు. తట్టుకోలేకపోతే నీళ్ళు తాగాలని మాట తీసుకుని తల్లి ఒప్పుకుంది. ఆ రోజు పని మానేసింది.

మధ్యాహ్నానికి కరీమున్ పెదాలు ఎండిపోయాయి. నీళ్ళు తాగమంటే తల అడ్డంగా ఊపింది. "రంజాన్ ఏటేటా కాస్త ముందే వస్తుంది గదా అమ్మీ, ఎండాకాలం అలా ఎందుకు రాదు?" అంది నీరసంగా.

మాబూబీకి తెలియలేదు. పక్కింటి రెబ్కా టీచరు సెలవుల్లో ఇంటి దగ్గరే ఉంది. పిల్లకు పొద్దుపోతుందని ఆమెను పిలుచుకొచ్చింది.

రెబ్కా ఒక దోసకాయను భూమి అనుకోమని, దానికి చీపురుపుల్ల గుచ్చి, కాస్త వాల్చి పట్టుకుంది. వసారాలో బోర్లించిన బిందెను సూర్యుడనుకోమంది. వాలు మార్చకుండా బిందె చుట్టూ నడిచింది.

"పై సగంలో మనం ఉన్నాం. ఇక్కడికొచ్చేసరికి మన సగం సూర్యుడి వైపు వాలింది చూడు. ఎండ నిటారుగా పడుతుంది, పగలు పెరుగుతుంది. అటుపక్కకి వెళ్తే మన సగం అవతలికి వాలుతుంది. ఎండ ఏటవాలుగా పడి చలికాలం వస్తుంది. ఈ చుట్టు పూర్తయితే ఏడాది. రంజాన్‌ది చంద్రుడి లెక్క. ఆ పన్నెండు నెలలూ ఈ చుట్టుకి కొన్ని రోజులు తక్కువ. అందుకే అది ముందుకొస్తుంది, ఎండాకాలం ఉన్నచోటే ఉంటుంది."

"సూర్యుడు దగ్గరికొస్తే ఎండాకాలమనుకున్నానండీ," అంది మాబూబీ.

"చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి జనవరిలోనే మనం కాస్త దగ్గరగా ఉంటాం."

కరీమున్ దోసకాయ అందుకుని తనూ బిందె చుట్టూ తిరిగింది. రెండు చుట్లకే అలసిపోయి తల్లి ఒళ్ళో పడుకుని నిద్రపోయింది. మాబూబీ విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

పొద్దుగూకి మసీదులో అజాన్ వినబడగానే పిల్లను లేపి ఖర్జూరం నోట్లో పెట్టింది. కరీమున్ గుటగుటా నీళ్ళు తాగి, "అయిపోయిందా?" అంది.

"అయింది తల్లీ. నీ పిల్లలు రోజా ఉండేనాటికి చలికాలం వచ్చినా వస్తుంది," అంది మాబూబీ, ఆమె జుట్టు సవరిస్తూ.

మరుసటేడు రంజాన్ కొన్ని రోజులు ముందే వచ్చింది. కరీమున్ ఈసారి నాలుగు రోజాలు ఉంది. తల్లి పని మానలేదు.