నల్లగుడ్డ మీద ఎక్కాలు

ఆ వీధిలో టైలరంటే ఆయనే. చదువు ఐదో తరగతితో సరి. అయినా యాభై రెండేళ్లొచ్చాక మళ్లీ ఎక్కాలు మొదలుపెట్టాడు. తన కోసం కాదులెండి, కూతురి కోసం. తల్లి లేని పిల్ల, రైల్వే ఉద్యోగానికి పరీక్ష రాస్తోంది. రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది. ఇది మూడోసారి, వయసు లెక్కన ఆఖరిసారి కూడా.

"లెక్కలు రాక కాదు నాన్నా, టైము చాలక. గుణించుకుంటూ కూర్చుంటే గంట కొట్టేస్తారు. ముప్పై దాకా వర్గాలన్నీ నోటికి వచ్చేయాలి" అందా పిల్ల.

అంతే, మనవాడికి పూనకం వచ్చింది. కోటుగుడ్డలో మిగిలిన నల్లముక్కని మిషను పక్కన గోడకు కొట్టి, కూతురి పుస్తకం చూసి, కొలతలు గీసే సుద్దతో మొత్తం రాశాడు. పొద్దున్నే మిషను తొక్కుతూ అడిగేవాడు.

"పదిహేడు పదిహేళ్లు?"

"రెండువందల ఎనభై తొమ్మిది."

"శభాష్!"

బట్టలకోసం వచ్చినవాళ్లు నవ్వేవారు. "ఏంటి మాస్టారూ, కుట్టడం మానేసి బడి పెట్టారా?"

"నవ్వండి, నవ్వండి. రేపు టికెట్టు కావాలంటే మా అమ్మాయి దగ్గరే నిలబడాలి."

సుద్ద సుద్దే కదా. భుజం తగిలినా, గుడ్డ దులిపినా చెరిగేది. చెరిగిన అంకెని కొలత గీత దిద్దినట్టు అలవాటుగా దిద్దేసేవాడు. పుస్తకం చూడటమెందుకు, అన్నీ నోటికొచ్చేశాయిగా అని ధీమా.

ఫలితాలొచ్చాయి. ఒక్క మార్కు తక్కువ. పాపిష్టి మార్కు, ఒకే ఒక్కటి!

ఎక్కడ పోయిందో చూద్దామని ప్రశ్నపత్రం ముందేసుకుని ఆయనే కూర్చున్నాడు. నాలుగో పేజీలో ఆగాడు. ఇరవై ఆరు అడుగుల చతురస్రపు గది, నేల వైశాల్యం ఎంత?

"ఇది మనదే కదే! ఆరువందల యాభై ఆరు. పెట్టావా?"

"పెట్టాను నాన్నా."

"మరింకేం, రైటే" అంటూ రైల్వేవాళ్లిచ్చిన జవాబుల కాగితం మీదికి వేలు పోనిచ్చాడు. ఆరువందల డెబ్బై ఆరు అని ఉంది. నమ్మలేక కాగితం మీద వేసి గుణించాడు. ఒకసారి, రెండుసార్లు. తలెత్తి గోడకేసి చూశాడు. యాభై ఆరు అని తన చేత్తో దిద్దిందే.

"ఇది తప్పని నీకు ముందే తెలుసా?" అన్నాడు గోడమీది అంకె చూపిస్తూ.

అమ్మాయి తలొంచుకుంది. "రెండో నెల్లోనే చూశాను. నీ దగ్గర నీ లెక్కే చెప్పి, హాల్లో అసలుది పెడదామనుకున్నా. అక్కడి కంగారులో చెయ్యి నీ అంకె మీదికే పోయింది."

"ముందే చెప్పొచ్చు కదే!"

"మొదట్లో ఒకటి తప్పన్నానని, నాకేం వచ్చులే అంటూ వారంపాటు అడగడమే మానేశావు. మళ్లీ మానేస్తావేమోనని భయమేసింది. పొద్దున్నే నువ్వలా అడుగుతుంటే నాకు బాగుండేది నాన్నా."

భార్య పోయిననాడు కూడా నలుగురిలో కంటతడి పెట్టని మనిషి, మిషను మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. "తిట్టవే నన్ను. ఒక్క మాటైనా తిట్టు తల్లీ" అన్నాడు. అమ్మాయి తిట్టలేదు. ఆయన వీపు మీద చెయ్యేసి నిలబడింది.

కాసేపటికి ఆయన తలెత్తి అడిగాడు. "తప్పు నాదని అర్జీ రాసిస్తాను. ఇంకొక్కసారి రాయనిస్తారేమో?"

"ఇవ్వరు నాన్నా" అంది అమ్మాయి.