ఎవురు ఇనల్ల, అబ్బీ?

దుబాయ్ అల్ నహ్దాలో మేముండే బిల్డింగుకు నీళ్ల మోటారు కింద ఎక్కడో ఉంటుంది. అది ఆన్ అయిందంటే మా వంటింటి గోడ మీది పైపు సన్నగా వణుకుతుంది. చెవికి పెద్దగా తెలియదు గానీ అరచెయ్యి ఆనిస్తే ఆ వణుకు మోచేతిదాకా పాకుతుంది. పొద్దున్నే టీ మరిగేలోపు నేను ఆ పని చేస్తుంటాను. "మళ్లా మొదులుపెట్నారా, పైపుకి జొరం చూసేది?" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. నవ్వి ఊరుకుంటాను. ఆ పైపు తాకినప్పుడల్లా నాకు ముంతాజ్ మేడం గుర్తొస్తుంది. ఆవిడతోపాటే ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పెరడు, ఆ పెరట్లో ఒక ముసలావిడ కూడా గుర్తొస్తారు.

ముంతాజ్ మేడంది ప్రొద్దుటూరు. ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక ఇటు వచ్చి, దుబాయ్ పక్క ఊళ్లోని రోలా బజారులో ఒక ఇరుకు సందులో సౌండ్ సామాను షాపు పెట్టింది. నేను నెల్లూరు నుంచి వచ్చి ఒక హోటల్ ఫంక్షన్ హాల్లో సౌండ్ పని చేసేవాణ్ని. కరోనాలో ఆ హాలు మూతపడితే, ఇంటికి పోవడమే మిగిలిందనుకుంటున్న రోజుల్లో ఆవిడే వీసా ఇచ్చి పనిలో పెట్టుకుంది. నోరు మాత్రం మహా గట్టిది. ఆంప్లిఫయర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లు చదివి నేను మురిసిపోతే, యంత్రాన్ని వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపించేది. "ముందర రాసేది వాని ఆశ అబ్బీ. ఎనక రాసేది నిజం" అనేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరొచ్చి ఏ సామాను అడిగినా, మొదట "ఎవురు ఇనల్ల?" అని అడిగేది. వినాల్సింది ఎవరు అని. వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. వినేది మనుషులే కదా, ఇదేం ప్రశ్న అని నేనూ లోలోపల నవ్వుకునేవాణ్ని.

పెద్ద హాళ్లు ఇంకా పూర్తిగా తెరవని రోజుల్లో, ఉమ్ అల్ క్వైన్ నుంచి అబూ రాషిద్ అనే అరబ్బు ఆయన పిలిపించాడు. కొడుకు పెళ్లి. ఆడవాళ్ల వేడుక ఇంటి పెరట్లోనే జరపాలి. డోలు కొట్టి పాడే ఆడవాళ్ల బృందం వస్తుంది. పెరడంతా అదరాలని ఆయన కోరిక. గోడల పక్కన సబ్ వూఫర్లు, అంటే ఆ అదురు పుట్టించే బేస్ పెట్టెలు, ముందే తెప్పించి పెట్టుకున్నాడు. వాటిని నడిపే ఆంప్లిఫయర్ మేం ఎంచాలి. "సబ్‌సే బడా వాలా లగావ్, ఖలాస్!" అన్నాడు. అన్నిటికంటే పెద్దది అనగానే నాకూ నోరూరింది. ఫోన్‌లో ఒక భారీ యంత్రం బొమ్మ తీసి చూపించాను కూడా.

మేడం ఆ బొమ్మ వైపు చూడలేదు. పెరడు చుట్టి వచ్చి, "లోపలైతే గోడలు సౌండును కొంచెం తిరిగిస్తాయి అబ్బీ. బయట ఇచ్చేటోళ్లు లేరు, పోయిందంతా పోయినట్టే. బలం కావల్లనే" అని నాతో అని, ఆయన వైపు తిరిగి హిందీలో తన మామూలు ప్రశ్న వేసింది. ఆయన గట్టిగా నవ్వి, "సారా మొహల్లా!" అన్నాడు. ఊరంతా వినాలట.

అప్పుడే వంటింటి తలుపు తీసుకుని ఒక ముసలావిడ బయటికి వచ్చింది. అబూ రాషిద్ తల్లి. మూలనున్న నీళ్ల మోటారు దగ్గరికి వెళ్లి, పైపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. మోటారు మోత నాకు ఇవతలికే వినిపిస్తోంది. ఆవిడ తృప్తిగా తలూపి, పనిమనిషికి ఏదో అరిచి చెప్పి లోపలికి వెళ్లిపోయింది. మేడం మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలోని కొలత టేపు నాకిచ్చి, ఆవిడ వెనకే ఇంట్లోకి నడిచింది.

తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయి ఉంది. ముసలావిడకు చెవులు పూర్తిగా పోయాయి. వయసులో ఉన్నప్పుడు పెళ్లిళ్లలో డోలు కొట్టేదట. సైగలతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ మేడం మోకాలి మీదే ఒక దరువు వేసి చూపించిందట. ఇప్పుడు ఏ పెళ్లికీ బయటికి రాదు. కదిలే నోళ్లు చూస్తూ కూర్చోవడం తనకెందుకని లోపలి గదిలోనే ఉండిపోతుంది. మనవడి పెళ్లికీ రానని చెప్పేసింది. ఈ సంగతి ఎత్తగానే అబూ రాషిద్ నవ్వు ఆగిపోయింది. "అమ్మను బతిమాలి బతిమాలి అలిసిపోయాం" అన్నాడు నెమ్మదిగా.

ముసలావిడ సాయంత్రాలు కూర్చునే చెక్క అరుగు ఒకటి పెరట్లో ఉంది. మేడం ఒక బేస్ పెట్టెను దాని కిందికి చేర్పించింది. ఒకే పెద్ద ఆంప్లిఫయర్ అన్న మాట అక్కడితో చచ్చిపోయింది. "అన్నిటికీ ఒకటే పెడితే ఆయమ్మకు పెంచినప్పుడల్లా ఊరికంతా పెరుగుతాది. పక్కింటోళ్లు పోలీసుల్ని పిలుస్తారు. ఆయమ్మకు యేరే పెట్టల్ల" అంది. అరుగు కిందికి చిన్నది చాలుగదా అని నేను షాపులో ఉన్న చిన్న యంత్రం తెచ్చి బిగించాను.

మర్నాడు మధ్యాహ్నం డోలు రికార్డింగు పెట్టి, ముసలావిడను బతిమాలి అరుగు మీద కూర్చోబెట్టారు. ఆవిడ చెప్పులు విడిచి పాదాలు ఆనించింది. ముఖంలో ఏ మార్పూ లేదు. నేను పెంచాను. ఇంకా పెంచాను. ఆవిడ విసుగ్గా లేచి, "లారీ పోతున్నట్టుంది" అని లోపలికి వెళ్లిపోయింది. అబూ రాషిద్ తల దించుకున్నాడు.

మేడం నన్ను తిట్టలేదు. యంత్రం మీద వెలుగుతున్న ఎర్ర దీపం చూపించింది. "సాలని దాన్ని అరిపిస్తాండావు. దెబ్బకీ దెబ్బకీ మధ్యన ఊపిరి తీసుకోల్యాక అంతా ఒకటే మోత అయితాంది. పెద్దదాన్ని తెచ్చి మెల్లగ నడుపు." నాలుగింతల బలమున్నదాన్ని తెచ్చి, చాలా తక్కువలో పెట్టాం. నేను అరుగు మీద చెయ్యి ఆనించాను. ప్రతి దెబ్బా విడిగా వచ్చి అరచేతిని తాకి వెళ్లిపోయింది. అన్నేళ్లు సౌండ్ పని చేసిన నాకు ఆ రోజుదాకా రెండు దెబ్బల మధ్య ఖాళీ ఉంటుందనే తెలియదు. కానీ ముసలావిడ మళ్లీ బయటికి రాలేదు.

పెళ్లి సాయంత్రం పెరడంతా ఆడవాళ్లే. మగవాణ్ని కనుక నేను తలుపు వేసిన స్టోరు గదిలో, ఆంప్లిఫయర్ల ముందు కూర్చున్నాను. మేడం లోపల ఉంది. డోళ్లు మొదలయ్యాయి. అరుగు కింది పెట్టెను నడిపే యంత్రం మీద పచ్చ దీపాలు దెబ్బ దెబ్బకూ లేచి పడుతున్నాయి. ఆ అరుగు మీద ఎవరైనా కూర్చున్నారో లేదో నాకు తెలిసే దారి లేదు.

ఉన్నట్టుండి డోళ్లు ఆగిపోయాయి. వైర్లు తడిమాను, అన్నీ బాగానే ఉన్నాయి. బయట ఆడవాళ్ల గొంతులు కూడా లేవు. తర్వాత ఒక్క పచ్చ దీపం లేచింది. చాలాసేపటికి ఇంకొకటి. ఒకే ఒక్క డోలు, ఇందాకటి కన్నా నిదానంగా, తొందరేమీ లేకుండా మోగుతోంది. ఎందుకు చేశానో తెలియదు, కింద కూర్చుని గచ్చు మీద అరచెయ్యి పెట్టాను. ఆ దరువు నేలలో నుంచి నా చేతిలోకి వచ్చింది. అంతలో పెరడంతా ఒక్కసారిగా ఆనందంతో కేకలు వేసింది.

కాసేపటికి మేడం తలుపు తోసుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "కిటికీ కాడ నిలబడి చూసి చూసి, వచ్చి అరుగు మీద కూచునింది అబ్బీ. పాదాలు పెట్టి కొంచేపుండి, దరువు తప్పు కొడతాండారని డోలు కొట్టే పిల్ల చేతిలో డోలు లాక్కునింది!"

మేడం ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంది. షాపు పనులు నేనే చూసుకుంటున్నాను. పెద్దది కావాలని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. "ఎవరు వినాలి?" అని అడిగితే వాళ్లూ తెల్లమొహమే వేస్తారు. నేను మాత్రం పనికి వెళ్లినచోట పెరడంతా కలియజూస్తాను, కిటికీల వైపు కూడా. స్విచ్ వేసే ముందు వంగి నేల మీద అరచెయ్యి పెడతాను. మొక్కుకుంటున్నానని అనుకుని వాళ్లు పక్కకు తప్పుకుని మర్యాదగా నిలబడతారు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.